పంపిన మెయిలు ఎక్కడ ఆగింది

ఒక కాలేజీ మెయిల్ సర్వర్ బాగోగులు కొన్నేళ్ళుగా నేను చూస్తున్నాను. సెమిస్టర్ పరీక్షల ముందు ఒకరోజు ఉదయం పది గంటలకు పరీక్షల విభాగం వాళ్ళు 3,200 మంది విద్యార్థులకు హాల్‌టికెట్లు మెయిల్ చేశారు. పదకొండున్నరకు సూపరింటెండెంట్ మేడం దగ్గర్నుంచి ఫోన్. "అన్నీ వెళ్ళిపోయినట్టే చూపిస్తోందండీ. పిల్లలేమో రాలేదని ఆఫీసు ముందు నిలబడ్డారు. ఇంకోసారి అందరికీ కలిపి పంపించెయ్యనా?" ఆ ఆఖరి మాట వినగానే నాకు కంగారు పుట్టింది. "ఒక్క అరగంట ఆగండి మేడం, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండి" అన్నాను.

ఆమె కంప్యూటర్లో చూస్తే మెయిళ్ళన్నీ 'సెంట్' ఫోల్డరులో ఉన్నాయి. పిల్లల ఫోన్లలో చూస్తే ఇన్‌బాక్సులో లేవు, స్పామ్‌లోనూ లేవు. బటన్ నొక్కగానే మెయిలు అవతలివాళ్ళ దగ్గర వాలిపోతుందని మనకు అలవాటైంది గానీ, మధ్యలో మజిలీలున్నాయి. 'సెంట్' అంటే మా సర్వర్ ఆ ఉత్తరాన్ని ఆమె చేతిలోంచి అందుకుందని, అంతవరకే. అక్కణ్ణుంచి జీమెయిల్ సర్వరుకో యాహూ సర్వరుకో చేర్చే పని ఇంకా మిగిలే ఉంటుంది. ఆ పని అయ్యేదాకా ఉత్తరం మా సర్వర్ డిస్కు మీద ఒక ఫైలుగా కూర్చుని ఉంటుంది. అలా కూర్చున్న ఫైళ్ళ బారునే మెయిల్ క్యూ అంటారు.

ఈ బారు ఎందుకు పెట్టారో తెలిస్తే, అది పెరిగినప్పుడు ఏం చెయ్యాలో సగం తెలిసినట్టే. మెయిళ్ళు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వరుకు వెళ్ళే పద్ధతి పేరు ఎస్‌ఎమ్‌టీపీ. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 821 అన్న పత్రంగా రాశారు. అవతలి కంప్యూటర్ ఎప్పుడూ మేలుకునే ఉంటుందన్న భరోసా లేని కాలమది. అందుకని ఉత్తరాన్ని దగ్గర పెట్టుకుని, దారి దొరికినప్పుడు ముందుకు పంపే ఏర్పాటు చేశారు. ఒక సర్వర్ ఉత్తరమంతా విని చివర్లో 250 అన్న అంకె చెప్పిందంటే, 'ఇక దీని బాధ్యత నాది' అని మాటిచ్చినట్టు. ఆ తర్వాత కరెంటు పోయినా, సర్వర్ పడిపోయి మళ్ళీ లేచినా ఉత్తరం పోకూడదు. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా ఈ మాటను గట్టిగా చెబుతుంది. వెంటనే చేర్చలేకపోతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉంటే మంచిది, నాలుగైదు రోజుల దాకా వదిలెయ్యకూడదు అంటుంది. ఇక కుదరదనుకున్నప్పుడు, పంపినవాళ్ళకు ఆ సంగతి తెలియజేస్తూ ఉత్తరం రాయాలి. దాన్నే మనం బౌన్స్ అంటాం.

రిజిస్టర్ పోస్టు తెచ్చిన పోస్ట్‌మాన్‌ను గుర్తు తెచ్చుకోండి. ఇంటికి తాళం ఉంటే కవరు మీద 'డోర్ లాక్డ్' అని రాసి వెనక్కి పట్టుకెళ్ళి, మర్నాడు మళ్ళీ తెచ్చేవాడు. ఆ పేరుగలవాళ్ళు ఆ ఇంట్లోనే లేరంటే మర్నాడు తెచ్చేవాడు కాదు, పంపినవారికి తిప్పేసేవాడు. మెయిల్ సర్వర్లదీ ఇదే పద్ధతి, కాకపోతే అవి అంకెల్లో మాట్లాడుకుంటాయి. రెండుతో మొదలయ్యే అంకె వస్తే అందుకున్నట్టు. నాలుగుతో మొదలైతే ఇప్పుడు కుదరదు, తర్వాత రా అని. అయిదుతో మొదలైతే కుదరదు, ఇక రావద్దు అని. 450 తాళం వేసిన తలుపు. 550 ఆ పేరుగలవాళ్ళే లేని ఇల్లు. క్యూలో నిలిచిపోయే ఉత్తరాలన్నీ నాలుగో రకం జవాబు విన్నవి, లేదా ఎవరూ పలకని తలుపు దగ్గర్నుంచి తిరిగొచ్చినవి. అయిదో రకం జవాబు విన్నవి క్యూలో ఉండవు, అప్పటికప్పుడే బౌన్స్ అయిపోతాయి. అందువల్ల క్యూలో కనిపించే ప్రతి ఉత్తరానికీ ఇంకా ఆశ ఉంది. దాన్ని నిలబెట్టడమే సర్వర్ చూసేవాడి పని.

మా సర్వర్‌లో నడిచేది పోస్ట్‌ఫిక్స్. వీట్సే వెనెమా అనే డచ్ శాస్త్రవేత్త ఐబీఎమ్ పరిశోధన కేంద్రంలో ఉన్నప్పుడు రాసి, 1998లో అందరికీ విడుదల చేశారు. అంతకుముందు ఎక్కువమంది వాడుతూ వచ్చిన సెండ్‌మెయిల్‌కు బదులుగా, చిన్నచిన్న భాగాలు విడివిడిగా పనిచేసేలా కట్టిన ప్రోగ్రాం ఇది. దీని క్యూ ఒక్క బారు కాదు, కొన్ని గదులు. వచ్చిన ఉత్తరం మొదట 'ఇన్‌కమింగ్' గదిలోకి వెళ్తుంది. పంపడానికి చేతిలోకి తీసుకున్నవి 'యాక్టివ్' గదిలో ఉంటాయి. అందులో మామూలుగా ఒకేసారి 20,000కు మించి పెట్టుకోదు. తలుపు తియ్యనివన్నీ 'డిఫర్డ్' గదిలోకి వెళ్తాయి. మనంతట మనం ఆపి పెట్టినవి 'హోల్డ్' గదిలో, మనం వదిలితే తప్ప కదలవు. డిఫర్డ్‌ను విడిగా పెట్టడంలో గొప్ప ఆలోచన ఉంది. తాళం వేసిన ఒక ఇంటి ఉత్తరాలు గుమ్మం దగ్గరే పోగుపడితే, తలుపు తీసి ఉన్న ఇళ్ళ ఉత్తరాలకు దారి ఉండదు. అందుకే వాటిని పక్కగదిలో కూర్చోబెట్టి, అయిదు నిమిషాలకోసారి తొంగిచూసి, గడువైన వాటినే మళ్ళీ బయటికి తీస్తుంది. ఉత్తరం ఎంతసేపుగా ఆగి ఉందో దాదాపు ఇంకా అంతసేపు ఆగమంటుంది. అంటే ఎడం రెట్టింపవుతూ పోతుంది. తక్కువలో తక్కువ 300 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 4,000 సెకన్లు. ఇలా అయిదు రోజులు చూస్తుంది.

ఇప్పుడు ఆ రోజుకు వద్దాం. నేను మొదట చేసింది మెయిల్‌క్యూ అనే కమాండ్ కొట్టడం. అది ఒక్కో ఉత్తరానికీ దాని గుర్తు సంఖ్య, సైజు, వచ్చిన వేళ, పంపినవారి చిరునామా వరసగా చూపిస్తుంది. గుర్తు పక్కన నక్షత్రం ఉంటే యాక్టివ్‌లో ఉన్నట్టు, ఆశ్చర్యార్థకం ఉంటే హోల్డ్‌లో ఉన్నట్టు. దాని కింద బ్రాకెట్లలో ఒక వాక్యం ఉంటుంది. క్యూ మొత్తంలో విలువైనది ఆ వాక్యమే. అవతలి సర్వర్ ఏ కారణం చెప్పి వెనక్కి పంపిందో అది ఉన్నదున్నట్టు అందులో ఉంటుంది. చాలామంది క్యూ పొడుగు చూసి భయపడి, ఆ వాక్యాన్ని చదవకుండానే సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. అందువల్ల ఏమీ బాగుపడదు. ఉత్తరాలు డిస్కు మీదే ఉంటాయి, కారణమూ అక్కడే ఉంటుంది.

తర్వాత క్యూషేప్ అనే చిన్న పరికరం. నాకు దీనిమీద ప్రత్యేకమైన అభిమానం. ఇది ఉత్తరాలను పట్టికలో పేరుస్తుంది. అడ్డం వరసల్లో ఏ డొమైనుకు వెళ్ళాలో ఉంటుంది. నిలువు వరసల్లో ఎంతసేపుగా ఆగాయో ఉంటుంది: 5 నిమిషాలు, 10, 20, 40, అలా రెట్టింపవుతూ 1,280 దాకా, ఆపైన. మొత్తం ఎన్ని ఆగాయన్నది పెద్ద విషయం కాదు. అవి ఎటు పోగుపడ్డాయో చూడాలి. మా 3,200లో ఆపాటికే 600 దాకా చేరిపోయాయి. ఆగిపోయిన 2,600లో దాదాపు అన్నీ ఒక్క జీమెయిల్ వరసలోనే, అన్నీ గంటన్నర లోపువే. మిగతా డొమైన్లకు దారి బాగానే ఉంది. అంటే మా ఇంటి కరెంటు బాగానే ఉంది, ఒక్క వీధి వైపే ఏదో అడ్డుంది.

ఇలా కాకుండా అన్ని వరసల్లోనూ పోగుపడితే తప్పు మనింట్లోనే వెతుక్కోవాలి. బ్రాకెట్లలో 'హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్' అని ఉంటే డీఎన్‌ఎస్ పలకడం లేదన్నమాట. పేరు చెబితే చిరునామా చెప్పే ఆ వ్యవస్థ పలక్కపోతే ఏ ఉత్తరం ఎటు వెళ్ళాలో తెలియదు. ఇందులో ఒక పాత ఉచ్చు ఉంది. డెబియన్, ఉబుంటు సర్వర్లలో పోస్ట్‌ఫిక్స్‌ను చాలాకాలం పాటు నాలుగు గోడల మధ్య పెట్టినట్టు విడిగా నడిపారు. డీఎన్‌ఎస్ వివరాల నకలు ఒకటి ఆ గోడల లోపల దాచుకుంటుంది. మీరు బయట వివరాలు మార్చినా లోపలి నకలు పాతదే ఉంటుంది. సర్వర్ నుంచి అన్నీ పనిచేస్తుంటే మెయిల్ ఒక్కటే దారి తెలియక నిలబడుతుంది. పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మొదలుపెడితే కొత్త నకలు తీసుకుంటుంది. ఇది తెలియక నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

'కనెక్షన్ టైమ్డ్ అవుట్'కూ 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'కూ తేడా కూడా గమనించాలి. మొదటిది ఎంత తట్టినా పలకని తలుపు. రెండోది 'ఇక్కడ ఆ కొట్టు లేదు' అని లోపలినుంచి వచ్చిన జవాబు. అన్ని డొమైన్లకూ టైమ్డ్ అవుట్ వస్తుంటే 25వ నంబరు పోర్టు దారిని ఎవరో మూసి ఉంటారు. స్పామ్ భయంతో గూగుల్ క్లౌడ్ లాంటివి తమ సర్వర్లనుంచి ఆ పోర్టు ద్వారా మెయిల్ బయటికి వెళ్ళనివ్వవు. సర్వర్‌ను కొత్తగా క్లౌడ్‌కు మార్చినవాళ్ళకు మొదటి రోజే తగిలే గోడ ఇది. రిఫ్యూజ్డ్ అన్న మాట 127.0.0.1 అన్న చిరునామాతో కలిసి కనిపిస్తే తలుపు మనదే. ఉత్తరాలను వైరస్ కోసం వడపోసే ప్రోగ్రాం పడిపోయిందన్నమాట. డిస్కు నిండిపోవడం మరో రకం. అప్పుడు క్యూ పెరగదు. సర్వర్ కొత్త ఉత్తరం అందుకోవడమే మానేస్తుంది. స్థలం ఉన్నా, ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్లు అయిపోవచ్చు. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు కాబట్టి, చిన్న ఉత్తరాలు లక్షల్లో ఉంటే జరిగేది అదే.

లాగ్ ఫైల్లో ఇంకో గుర్తు ఉంటుంది. ప్రతి మెయిలు వరసలోనూ 'డిలేస్' అని రాసి, నాలుగు సంఖ్యలు గీతలతో విడదీసి ఉంటాయి. ఉత్తరం వచ్చినప్పటినుంచి చివరిసారి యాక్టివ్‌లోకి చేరేదాకా పట్టిన కాలం మొదటిది. డిఫర్డ్‌లో గడిపిందంతా ఇందులోకే వస్తుంది. యాక్టివ్‌లో తన వంతు కోసం ఆగింది రెండోది. అవతలి సర్వర్‌ను వెతికి, పట్టుకుని, పలకరించడానికి పట్టింది మూడోది. ఉత్తరం అప్పజెప్పడానికి పట్టింది నాలుగోది. మూడోది పెద్దదైతే డీఎన్‌ఎస్‌నో నెట్‌వర్కునో అనుమానించాలి. రెండోది పెద్దదైతే మనమే మోయలేనంత ఎత్తుకున్నాం. నాలుగోది పెద్దదైతే అవతలివాళ్ళు నింపాదిగా అందుకుంటున్నారు. జ్వరం వస్తే ఎక్కడ నొప్పో అడిగి తెలుసుకున్నట్టు, ఈ నాలుగు సంఖ్యలూ చూస్తే చాలాసార్లు మిగతా వెతుకులాట అక్కర్లేదు.

తప్పు మనింట్లోనే ఉండి, ప్రపంచమంతటా ఒకేసారి బయటపడిన సంఘటన ఒకటి చెప్పాలి. 2022 జనవరి 1న అనేక సంస్థల్లో సొంతంగా నడుపుకుంటున్న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లలో మెయిళ్ళు క్యూలో నిలబడిపోయాయి. కొత్త సంవత్సరపు సెలవు రోజున సర్వర్లు చూసేవాళ్ళంతా పరుగులు పెట్టారు. అవతలి సర్వర్లు బాగానే ఉన్నాయి, నెట్‌వర్కూ బాగానే ఉంది. ఎక్స్ఛేంజ్ లోపల వైరస్‌ను వడపోసే భాగం వైరస్‌లను గుర్తుపట్టే తన సంతకాల ఫైలుకు తేదీని బట్టి సంఖ్య పెట్టుకునేది. సంవత్సరం, నెల, రోజు కలిపి ఆ రోజు వచ్చిన సంఖ్య 2201010001. అంటే 220 కోట్ల పైమాట. దాన్ని దాచుకునే చోటేమో 32 బిట్లది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. అంటే 214 కోట్ల పైచిలుకు. 2021 డిసెంబరు 31 దాకా 211 కోట్లతో మొదలయ్యే సంఖ్యలు హాయిగా పట్టాయి. తెల్లారేసరికి పట్టలేదు. వడపోత భాగం లేవలేకపోయింది. వడపోయకుండా ఉత్తరం కదలకూడదు కాబట్టి ఉత్తరాలన్నీ అక్కడే ఆగాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఇచ్చిన దిద్దుబాటులో కొత్త సంఖ్య 2112330001. తేదీలా చదివితే 2021 డిసెంబరు 33! దాచుకునే చోటును పెద్దది చెయ్యకుండా, అందులో పట్టే సంఖ్యనే ఎంచుకున్నారు. ఆ ఇబ్బందిలో నాకు ఊరట కలిగించేది ఒకటుంది. ఆగిన ఉత్తరాలు క్యూలో అలాగే ఉన్నాయి. దిద్దుబాటు అయ్యాక ఒక్కొక్కటే బయటికి వెళ్ళాయి. అయితే ఎక్స్ఛేంజ్ మామూలుగా రెండు రోజులే ఆగుతుంది, పోస్ట్‌ఫిక్స్‌లా అయిదు రోజులు కాదు. సెలవని ఫోన్ ఎత్తకుండా కూర్చున్నవాళ్ళకు ఆ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

మా క్యూలో బ్రాకెట్లలో ఉన్న మాటకు వస్తాను. 421, తర్వాత 4.7.28. మీ చిరునామానుంచి అసాధారణమైన వేగంతో మెయిల్ వస్తోంది, ప్రస్తుతానికి తగ్గిస్తున్నాం అని జీమెయిల్ చెబుతోంది. ఏడాదంతా రోజుకు రెండొందల మెయిళ్ళు పంపే కాలేజీ ఒక్క పావుగంటలో మూడువేలు పంపితే వాళ్ళకు అనుమానం రావడం సహజం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నియమాలు మరింత గట్టిపడ్డాయి. ఎవరు పంపినా, ఉత్తరం నిజంగా వాళ్ళదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలి, సర్వర్ చిరునామానుంచి పేరుకూ పేరునుంచి చిరునామాకూ డీఎన్‌ఎస్ సరిపోవాలి. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్ళకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. స్పామ్ అని నొక్కేవాళ్ళు వెయ్యికి ముగ్గురిని చేరకూడదు. మాకు ఆ మూడూ ఉన్నాయి. లేనిదల్లా నెమ్మది.

మేడం అన్నట్టు ఇంకోసారి అందరికీ పంపి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలుస్తుంది. 2,600 కాస్తా 5,800 అయ్యేవి. జీమెయిల్‌కు అనుమానం రూఢి అయ్యేది. అందినవాళ్ళకు రెండేసి హాల్‌టికెట్లు అందేవి. సర్వర్ చూసేవాళ్ళు కూడా ఇదే తప్పు ఇంకో రూపంలో చేస్తారు. క్యూను ఫ్లష్ చెయ్యడం, అంటే డిఫర్డ్‌లో ఉన్నవాటన్నిటినీ గడువు చూడకుండా ఒక్కసారిగా బయటికి తోలడం. కారణం తీరాక ఒకసారి చేస్తే ఉపయోగమే. తీరకముందు పది నిమిషాలకోసారి చేస్తే తాళం వేసిన తలుపునే మళ్ళీ మళ్ళీ బాదినట్టు, ఈలోగా తలుపు తీసున్న ఇళ్ళకు వెళ్ళాల్సినవి కూడా ఆలస్యమవుతాయి.

కొన్ని తలుపులు కావాలనే మొదటిసారి తియ్యవు. గ్రేలిస్టింగ్ అనే ఈ పద్ధతిని 2003లో ఎవన్ హారిస్ ప్రతిపాదించారు. తెలియని సర్వర్ వస్తే 'కాసేపాగి రా' అంటుంది. క్యూ ఉన్న నిజమైన సర్వర్ మళ్ళీ వస్తుంది. క్యూ లేని స్పామ్ ప్రోగ్రాం చాలావరకు రాదు. ఓపికను బట్టి మనిషిని పోల్చుకోవడం లాంటిది, నాకు ముచ్చటేస్తుంది. పది నిమిషాలకు చెల్లిపోయే ఓటీపీ మెయిల్ కోసం ఎదురుచూసేవాళ్ళకు మాత్రం అది ఇబ్బందే.

ఇంకో రకం క్యూ గురించి హెచ్చరించకుండా ఉండలేను. తెల్లారి లేచేసరికి లక్ష ఉత్తరాలు, పంపినవారి చోట ఎక్కువగా బౌన్సుల మీద ఉండే 'మెయిలర్ డీమన్' అన్న పేరు ఉంటే, ఎవరిదో పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కింది. వాళ్ళు దొరికిన చిరునామాలన్నిటికీ స్పామ్ పంపుతుంటే, లేని చిరునామాలనుంచి వచ్చిన బౌన్సులు కూడా అక్కడే పోగుపడుతున్నాయి. లాగ్‌లో లాగిన్ పేరు వెతికితే ఏ ఖాతానో తెలుస్తుంది. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చాలి, క్యూను హోల్డ్‌లో పెట్టాలి, తర్వాత ఆ ఖాతా పంపినవాటినే ఏరి తీసెయ్యాలి. క్యూ మొత్తం ఒక్క కమాండుతో తుడిచెయ్యొచ్చని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నిజమే, తుడిచెయ్యొచ్చు. దాన్ని వెనక్కి తీసుకొచ్చే కమాండ్ మాత్రం లేదు. ఆ లక్షలో ఒకరి ఉద్యోగ దరఖాస్తు ఉండొచ్చు, ఒకరి ఆస్పత్రి రిపోర్టు ఉండొచ్చు. 250 అని చెప్పి అందుకున్న ఉత్తరం అది.

ఆ రోజు నేను చేసింది చిన్న పని. మొదట జీమెయిల్‌కు వెళ్ళాల్సినవాటిని హోల్డ్‌లో పెట్టి, గంటసేపు అటువైపు ఏమీ పంపకుండా ఆగాను. పోస్ట్‌ఫిక్స్ ఒక డొమైనుకు ఒకేసారి ఇరవై దాకా దారులు తెరుస్తుంది. జీమెయిల్‌కు మాత్రం ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య రెండు సెకన్లు ఆగమని రాశాను. అప్పుడది ఒక్కొక్కటే పంపుతుంది. 2,600కు అయిదువేల చిల్లర సెకన్లు, గంటన్నర కన్నా తక్కువే. వదిలిన తర్వాత తెరముందే కూర్చుని క్యూషేప్ చూస్తూ ఉన్నాను. జీమెయిల్ వరసలో సంఖ్య నెమ్మదిగా దిగుతూ పోయింది. మూడింటికి మేడంకు ఫోన్ చేసి "వెళ్తున్నాయండీ, పిల్లల్ని భోజనాలకు వెళ్ళమనండి" అన్నాను. "ఇందాకే వెళ్ళారు, మీరు తినండి ముందు" అన్నారు ఆమె.

ఆ రాత్రి ఒక సెట్టింగ్ మార్చాను. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా అయిదో రోజు బౌన్స్ పంపేదాకా ఉత్తరం ఆగిన సంగతి పంపినవాళ్ళకు చెప్పదు. నాలుగు గంటలు దాటితే చెప్పమని రాశాను. ఈ కబురు సర్వర్ చూసేవాడికన్నా ముందు ఉత్తరం రాసినవాళ్ళకు తెలియాలని నా పట్టుదల.

అంతకంటే ముందు, సాయంత్రం అయిదున్నరకు క్యూలో పదకొండు మిగిలాయి. జీమెయిల్‌కు వెళ్ళాల్సినవి ఒక్కటీ లేవు. ఫీజు కట్టేటప్పుడు ఫారంలో చిరునామా రాస్తూ చెయ్యి జారినవాళ్ళవి అవి: ఒకరు అక్షరాలు తారుమారు చేశారు, ఒకరు చివర ఒక అక్షరం వదిలేశారు. తప్పు రాసిన ఆ డొమైన్లలో మెయిలు తీసుకునే సర్వర్లు పలకడం లేదు. వదిలేస్తే అయిదు రోజులు తలుపు తట్టి తిరిగొస్తాయి. పరీక్ష మూడో రోజునే. ఆ పదకొండు హాల్‌టికెట్ నంబర్లూ కాగితం మీద రాసి పరీక్షల విభాగానికి తీసుకెళ్ళాను. మేడం అడ్మిషన్ రిజిస్టరు తీసి, ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు.